కంబగిరి చెమట

మా కమిషనర్ చిదంబరమూర్తి గారు మార్చి నెలలో రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్ళివచ్చారు. శిక్షణకు వెళ్ళివచ్చిన అధికారితో రెండు వారాలు జాగ్రత్తగా ఉండాలని మా ఆఫీసులో అందరికీ తెలుసు. క్రితంసారి వెళ్ళివచ్చినప్పుడు ఫైళ్ళకు సెక్షనుకో రంగు దారం కట్టించారు. అంతకుముందుసారి ఉదయం పూట అందరి చేతా చప్పట్లు కొట్టించారు. ఈసారి వచ్చీరాగానే నన్ను పిలిచి, "ఫణిభూషణం గారూ, చెమట మీద మీ అభిప్రాయం ఏమిటి?" అని అడిగారు.

నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంటును. సెలవులు, హాజరు పట్టీలు, మెమోలు నా పని. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో చెమట మీద నా అభిప్రాయం ఎవరూ అడగలేదు.

"మా నాగులకొట్టాలలో కాస్త ఎక్కువే సార్" అన్నాను.

"ఎక్కువ అంటే ఎంత? అదే నా బాధ. కొలత లేదు!" ఆయన కుర్చీలోంచి లేచి ఏసీ కింద అటూ ఇటూ నడిచారు. శిక్షణలో ఒక వక్త చెప్పాడట. సంతకం అబద్ధం చెబుతుంది, వేలిముద్ర అబద్ధం చెబుతుంది, చెమట గ్రంథి మాత్రం చచ్చినా అబద్ధం చెప్పదు. కాబట్టి పని చేసినవాడికి చెమట పట్టాలి, చెమట పట్టినవాడే పని చేసినవాడు.

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు తయారు చేశాను. నా చేతిరాత బాగుంటుందని పేరు. "ఇందుమూలంగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఏప్రిల్ ఒకటో తేదీ నుండి స్వేద ఆధారిత హాజరు విధానం అమలులోకి వచ్చును. ప్రతిదినము పదకొండు గంటలకు ఉద్యోగి నుదుటిపై నీలి రంగు పరీక్షా కాగితము అంటించబడును. కాగితము గులాబీ రంగులోకి మారినచో హాజరు. మారనిచో గైర్హాజరు. చెమట అనగా ఉద్యోగి స్వంత శరీరమునందలి స్వంత గ్రంథుల ద్వారా విధినిర్వహణలో వెలువడిన ద్రవము మాత్రమే."

ఆ 'మాత్రమే' నేను సొంతంగా చేర్చిందే. ఉత్తర్వుకు ఒక బిగువు ఉండాలి కదా అనుకున్నాను.

మొదటి రోజు ఆఫీసు స్టాఫులో గులాబీ వచ్చినవాడు ఒక్కడే. టీ పట్టుకొచ్చే అటెండరు. ఏసీ గదుల్లో కూర్చునే అధికార్లందరికీ నీలమే. సాయంత్రానికి సవరణ ఉత్తర్వు వెలువడింది. గజిటెడ్ అధికారులది మేధో స్వేదమని, అది లోపలే పట్టి లోపలే ఆరిపోతుందని, వారికి పరీక్ష అక్కర్లేదని. మిగతావాళ్ళు వాళ్ళ తంటాలు వాళ్ళు పడ్డారు. రెవెన్యూ సెక్షను వాళ్ళు పదిన్నరకు ఫైళ్ళు మూసేసి మేడమెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టారు. టౌన్ ప్లానింగ్ వాళ్ళు పచ్చిమిరపకాయలు నమిలేవారు. ఎదురుగా ఉన్న బజ్జీల బండి దగ్గర, కాగే నూనె మూకుడు పక్కన నిలబడడానికి వరస కట్టేవారు. జనం అర్జీలు పట్టుకొచ్చి, ఖాళీ కుర్చీలు చూసి, మెట్ల దగ్గర రొప్పుతున్న గుమాస్తాలను పట్టుకొని అక్కడే సంతకాలు పెట్టించుకునేవారు.

పథకం బ్రహ్మాండంగా నడుస్తోందని పైకి నివేదిక పోయింది.

రెండో వారంలో మా స్టోర్సు గుమాస్తా గిడ్డయ్య నుదుటి కాగితం అంటించీ అంటించక ముందే ఎర్రగులాబీ అయిపోయింది. మెడ, చేతులు, చొక్కా అన్నీ తడిసి ముద్దయ్యాయి. కమిషనర్ గారు స్వయంగా గది దాటి వచ్చి, "చూడండి, ఇదీ అంకితభావమంటే!" అని అతని భుజం తట్టారు. గిడ్డయ్య ఏదో చెప్పబోయి బల్ల మీదికి ఒరిగిపోయాడు. చక్కెర వ్యాధికి సూది మందు వేసుకొని టిఫిను తినకుండా వచ్చాడట. షుగరు పడిపోయి చల్లని చెమటలు పోశాయి. నోట్లో బెల్లం పెడితే తేరుకున్నాడు. అయినా ఆ వారం ఉత్తమ ఉద్యోగి పత్రం అతనికే ఇచ్చారు. రికార్డు ప్రకారం అంత చెమట మరెవరికీ లేదు.

ఇంతవరకూ మేం నవ్వుకుంటూనే ఉన్నాం. మూడో వారంలో పరీక్ష బయట పనిచేసే కూలీల దాకా వెళ్ళి, కంబగిరికి మూడు నీలాలు పడ్డాకే నా నవ్వు ఆగింది.

కంబగిరి నీళ్ళ పైపుల కూలీ. నలభై నాలుగేళ్ళవాడు. పుట్టుకతోనే నెత్తిన వెంట్రుకలు అంతంతమాత్రం. నోట్లో ఆరో ఏడో పళ్ళున్నాయి, అవీ మొనదేలి ఉంటాయి. రోడ్డు మీద ఇనప కడ్డీ ఆనించి, దాని కొసకు చెవి పెట్టి, భూమిలో పైపు ఎక్కడ కారుతోందో చెప్పేవాడు. అతను చెప్పిన చోట తవ్వితే నీళ్ళు ఉండి తీరేవి. తెల్లవారకముందే గుంతలో దిగి, పదింటికల్లా ఇద్దరి పని ముగించి, తడి తుండు నెత్తిన వేసుకొని నీడకు చేరేవాడు. పక్కన బకెట్టు నీళ్ళు, ఒక మగ్గు ఎప్పుడూ ఉండేవి. చొక్కా ఆరినప్పుడల్లా మగ్గుతో ఒళ్ళంతా తడుపుకునేవాడు.

పదకొండు గంటలకు, కాగితాలు అంటించడానికి కొత్తగా వేసిన స్వేద పరిశీలకుడు వెళ్ళేసరికి అతను నీడలో కూర్చొని ఉండేవాడు. తుండు తీయించి, నుదురు తుడిపించి కాగితం అంటిస్తే నీలం అలాగే ఉండేది.

మెమో చేతబట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సారూ, దీంట్లో ఏం రాసినారు?"

"పని చేయడం లేదని రాశారు. సంజాయిషీ ఇవ్వాలి."

"నాకు పుట్టినప్పటి నుంచీ చెమట రాదు సారూ. మా మేనమామకూ ఇంతే ఉండె. ఎండెక్కితే ఒళ్ళు పెనం మాదిరి కాలతాది. అందుకే తడి గుడ్డ. పని జెయ్యలేదంటే ఎట్ల? బజారంతా నీళ్ళు రావడంల్యా?"

"నీళ్ళు వస్తే సరిపోదు కంబగిరీ. చెమట రావాలి."

ఆ మాట నా నోటితోనే అన్నాను. అతను మెమోను నా బల్ల మీద పెట్టి, "రానిది యాడ నుంచి తేవల్ల సారూ?" అన్నాడు.

మునిసిపల్ ఆరోగ్యాధికారి డాక్టర్ జుబేదా గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ అతని చేతిని భూతద్దంతో చూసి, పళ్ళు చూసి, వెంటనే లేచి నాతోపాటు కమిషనర్ గదికి వచ్చారు. గోడకున్న తెల్లబోర్డు మీద బొమ్మ గీశారు.

"ఇదిగో సార్, ఇది చర్మం. కింద దారపుండలాగా చుట్టుకొని ఉన్నది చెమట గ్రంథి. ఇక్కడి నుంచి సన్నటి నాళం పైకి వచ్చి రంధ్రంలో తెరుచుకుంటుంది. ఒంట్లో వేడి పెరిగితే ఇది నీరు పైకి పంపుతుంది, ఆ నీరు ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. దాని పని అంతే. వాడు కష్టపడ్డాడా లేదా అని దానికి తెలియదు. ఈ కంబగిరికి ఈ గ్రంథులు పుట్టుకతోనే లేవు. తడిగుడ్డే అతని చెమట. అది తీయించి ఎండలో నిలబెడితే మనిషి దక్కడు."

కమిషనర్ గారు ఎంతో శ్రద్ధగా విన్నారు. చివరికి, "ఇలా నాళం ఉన్న గ్రంథులు ఇంకా ఉన్నాయా డాక్టర్ గారూ?" అన్నారు.

"ఎందుకు లేవు? లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు, చర్మానికి నూనె పట్టించేవి, తల్లి పాలిచ్చేవి, కడుపులో జీర్ణరసాలు పోసేవి. అన్నిటికీ తయారుచేసే భాగం ఒకటి, మోసుకెళ్ళే నాళం ఒకటి. నాళం లేనివి వేరు. అవి నేరుగా రక్తంలోకి వదులుతాయి."

"ఎవరికీ కనపడకుండా?"

"అవును."

"అందులో పారదర్శకత లేదు. అవి మనకొద్దు." ఆయన కాగితం ముందుకు లాక్కున్నారు. "నాళం ఉన్నవి చాలు. ఫణిభూషణం గారూ, రాసుకోండి. చెమట ఇంజనీరింగు సెక్షనుకు. లాలాజలం ప్రజాసంబంధాలకు, వాళ్ళు మాట్లాడాలి కాబట్టి. కన్నీరు ఫిర్యాదుల కౌంటరుకు. అర్జీదారుడి దుఃఖం ఎంతో కొలిచి తీసుకుంటే తప్పుడు అర్జీలు తగ్గుతాయి. నూనె..."

"అది మా ఎస్టాబ్లిష్‌మెంటుకు ఇవ్వండి సార్, అలవాటే" అన్నాను. ఆయన రాసేసుకున్నారు.

"పిత్తం కూడా ఉంది సార్. కాలేయంలో తయారై నాళం ద్వారానే పేగులోకి పోతుంది. అది ఎవరికి?" అన్నారు డాక్టరమ్మ ముఖంలో ఏ భావమూ లేకుండా.

"పైత్యమా? అది కీలకమైన విభాగం. నా దగ్గరే ఉంచుకుంటాను."

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టారు. "మరి కంబగిరి సంగతి?"

"గ్రంథులు లేకపోవడం అతని వ్యక్తిగత విషయమండీ. నిబంధనల్లో దానికి అవకాశం లేదు. అయినా నేను కఠినుణ్ణి కాను. మే పదిహేనున డైరెక్టరు గారు వస్తున్నారు. వారి సమక్షంలో, మైదానంలో, రెండు గంటల ముందు నుంచి ఒంటికి చుక్క నీరు తగలకుండా అతను గుంత తవ్వాలి. చెమట పడితే కేసు కొట్టేస్తాం."

డాక్టరమ్మ రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చారు. నేను దానికి నంబరు వేసి ఫైల్లో పెట్టాను. ఫైలు మీద 'పరిశీలనలో ఉన్నది' అని రాశాను.

మే పదిహేనున పది గంటలకే మైదానం మండిపోతోంది. షామియానా కింద డైరెక్టరు గారు, కమిషనర్ గారు, వాళ్ళ వెనక రెండు కూలర్లు. ఎండలో సున్నంతో గీసిన చదరం. అందులో కంబగిరి, గడ్డపార. అతని తుండు నా చేతికిచ్చారు, సాక్ష్యాధారంగా భద్రపరచమని. ఎనిమిదింటికే తీయించినా దాని మడతల్లో ఇంకా తడి ఉంది.

కంబగిరి భార్య సుంకులమ్మ నాపరాళ్ళ ఫ్యాక్టరీలో బండలు మోసే పని చేస్తుంది. సంగతి తెలిసి పని మధ్యలోనే బిందె పట్టుకొని వచ్చింది. పరిశీలకులు చదరం చుట్టూ కట్టిన తాడు దగ్గర ఆపేశారు.

"ఆయప్పకు నీళ్ళు పొయ్యనీండి సామీ! మీ కాళ్ళు మొక్కుతా!"

"పరీక్ష అయ్యేదాకా బయటి నీరు నిషిద్ధం" అన్నాడొకడు.

కంబగిరి తవ్వుతూనే ఉన్నాడు. మోకాటి లోతు అయింది. ముఖం కందిపోయి ఇటుక రంగుకు తిరిగింది. ఒంటి మీద ఒక్క చుక్క లేదు. ఎండలో అతని వీపు ఎండు బెరడులా ఉంది. డైరెక్టరు గారు కమిషనర్ చెవిలో, "చాలా తేలిగ్గా చేస్తున్నాడే, అసలు శ్రమే లేనట్టుంది" అనడం నాకు వినపడింది. ఆ మాట అయిన కాసేపటికే కంబగిరి చేతిలోని గడ్డపార జారింది. పొంతన లేని మాటలు రెండు పలికి, తను తవ్విన గుంతలోకే కూలిపోయాడు.

నేను కదలలేదు. అది దాచను. తుండు పట్టుకొని అలాగే నిలబడ్డాను. సుంకులమ్మ తాడు దూకి వెళ్ళి బిందెడు నీళ్ళూ అతని మీద కుమ్మరించింది. డాక్టరమ్మ చెప్పులు వదిలేసి పరుగెత్తారు. కూలర్లలో ఉన్న నీళ్ళు తెప్పించి పోయించారు. ఆ గందరగోళంలో స్వేద పరిశీలకుడు తన విధి మరచిపోకుండా గుంతలోకి వంగి కంబగిరి నుదుటికి కాగితం అంటించాడు.

"సార్, గులాబీ!" అని అరిచాడు.

షామియానా కింద చప్పట్లు మోగాయి.

కంబగిరి నాలుగు రోజులు ఆస్పత్రిలో తడి దుప్పట్లలో పడి ఉండి బతికాడు. డాక్టరమ్మ ఈసారి అభ్యంతరాన్ని నా దగ్గరకు పంపలేదు, నేరుగా కలెక్టరు కార్యాలయానికి పంపారు. దాంతో కమిషనర్ గారికి కాస్త భయం పట్టింది. త్రిసభ్య సంఘాన్ని వేశారు. సంఘం పది రోజులు కూర్చొని, ఒక పరిష్కారం కనిపెట్టి నా చేతనే రాయించింది. "స్వేదరహిత ఉద్యోగి పక్షమున, అతని కుటుంబ సభ్యులలో ఒకరు ప్రతినిధిగా చెమట సమర్పించవచ్చును. ఇట్టి చెమట ఉద్యోగి ఖాతాలో జమచేయబడును."

అప్పటినుంచి రోజూ పదకొండు గంటలకు సుంకులమ్మ వచ్చేది. ఫ్యాక్టరీ నుంచి రెండు మైళ్ళు నడక. ముఖమంతా రాతి పొడి, ఆ పొడిలో చెమట చారలు. వచ్చి నా బల్ల ముందు నిలబడేది. కాగితం అంటించేలోపే గులాబీ. నేను 'కంబగిరి, హాజరు' అని రాసేవాణ్ణి. ఆమె తిరిగి నడుచుకుంటూ బండల దగ్గరకు పోయేది. ఇరవై ఏళ్ళుగా ఆమె ఒంటి నుంచి కారినదాన్ని ఎవరూ ఏ పుస్తకంలోనూ రాయలేదు. మా మునిసిపాలిటీ మొదటిసారి రాసింది, మొగుడి పేరు మీద.

జూన్ ఆఖరుకు ఆ నెల లెక్క చూస్తే ఒక్కరోజు కూడా నీలం పడని ఉద్యోగి కంబగిరి ఒక్కడే. సమీక్షా సమావేశంలో అతన్ని వేదిక మీదికి పిలిచారు. ప్రతినిధి కాబట్టి ఆమె కూడా ఎక్కింది. కమిషనర్ గారు ప్రశంసాపత్రం చదివి కంబగిరి చేతికివ్వబోయారు.

అతను చేతులు చాచలేదు. "నేను గుంత తవ్వినా సార్. దానికైతే ఇయ్యండి. చెమటకైతే ఆయమ్మకియ్యండి" అన్నాడు.

కమిషనర్ గారు ఆమె వైపు తిరిగారు. ఆమె పత్రం కేసి చూసి, "దీంట్లో నా పేరు యాడుండాది సారూ?" అంది.

"నీ పేరు ఉండదమ్మా. నువ్వు ప్రతినిధివి."

"చెమట నాది గదా?"

"నీదే. కానీ నువ్వు మా ఉద్యోగివి కావు."

"అట్లయితే నా చెమట నా కాడ్నే ఉండనీ" అని సుంకులమ్మ వేదిక దిగి వెళ్ళిపోయింది. పరిశీలకులు పిలిచినా వెనక్కి చూడలేదు.

మర్నాడు పదకొండు గంటలకు ఆమె రాలేదు. కంబగిరి మాత్రం ఆ వేళకు కొత్తపేట మలుపులో నడుము లోతు గుంతలో ఉన్నాడు. పెద్ద పైపు పగిలి సగం ఊరికి నీళ్ళు ఆగిపోయాయి. భోజనానికి ఇంటికి పోతూ చూశాను. అతని పక్కన బకెట్టు, నెత్తిన తుండు. రెండు చేతులతో పైపు జాయింటు బిగిస్తున్నాడు. తుండు ఆరిపోతే గుంత గట్టున నిలబడిన ఇంటావిడ ఎవరో దాన్ని తడిపి మళ్ళీ నెత్తిన వేసింది.

ఆఫీసుకు తిరిగి వచ్చి పుస్తకం తెరిచాను. 'కంబగిరి' అన్నచోట ప్రతినిధి గడి ఖాళీగా ఉంది. ఆ గడిలో 'పని చేశాడు. చూశాను' అని రాసి సంతకం పెట్టాను.

రెండో రోజూ అలాగే రాశాను. మూడో రోజు నాకు మెమో వచ్చింది. నాలుగో రోజు జిల్లా నుంచి విచారణాధికారి దిగారు. తర్వాత నన్ను జనన మరణాల సెక్షనుకు మార్చారు. నీలి కాగితాలు పంపే కంపెనీ పంపడం మానేశాక పథకమూ దానంతటదే ఆగిపోయింది. చిదంబరమూర్తి గారు ఇప్పుడు రాజధానిలో ఇతర కమిషనర్లకు శిక్షణ ఇస్తున్నారు. అవన్నీ అటుంచి, విచారణ రోజు జరిగింది చెబుతాను.

విచారణాధికారి నా ముందు పుస్తకం పెట్టి, "చూశాను అని రాశారు. చూడడం అనే పద్ధతి ఏ జీవో ప్రకారం?" అని అడిగారు.

"జీవో లేదు సార్."

"మీకు చూసే అధికారం దఖలు పడిందా?"

"లేదు సార్. దారిలో ఉన్నాడు, కనపడ్డాడు."

"కనపడడం వేరు, పని చేయడం వేరు. నేనే స్వయంగా తనిఖీ చేస్తాను, పదండి."

కొత్తపేట మలుపుకు తీసుకెళ్ళాను. ఎండ నడినెత్తిన ఉంది. వీధి పొడుగునా బిందెలు వరసగా పెట్టి ఆడవాళ్ళు కూర్చున్నారు. కంబగిరి నాలుగు రోజులుగా చేస్తున్న జాయింటు పని అప్పుడే ముగించి, వాల్వు తిప్పే పొడుగాటి ఇనప తాళం పట్టుకొని గుంతలోంచి పైకి వచ్చాడు. ఒళ్ళంతా బురద, నెత్తిన తడిగుడ్డ. విచారణాధికారి అతన్ని ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి చూశారు. చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, రోడ్డు పక్క ఎత్తుగా ఉన్న చోట నిలబడి ఫైలు తెరిచారు. రాస్తూ పైకి చదివారు.

"గుంత కలదు. గుంత వద్ద మనిషి కలడు. మనిషి ఒంటి మీద చెమట లేదు. కావున పని జరిగినట్లు ఎట్టి ఆధారము లభించలేదు."

కంబగిరి తాళం భుజాన వేసుకొని ఆయన రాయడం అయ్యేదాకా ఓపికగా ఆగాడు.

"అయిపోయిందా సార్?"

"అయింది. నువ్వేమైనా చెప్పుకునేది ఉందా?"

"రవ్వంత పక్కకు జరగండి సార్. మీరు వాల్వు మూత మీద నిలబడినారు. మీరు దిగితే ఊరికి నీళ్ళిడుస్తా."